అల్లుడుగారు కోసిన కూర

మా ఇంట్లో దెబ్బలు తినకుండా కూరలోకి వెళ్ళేవి పుట్టగొడుగులు ఒక్కటే. మిగతావన్నీ ఎంతో కొంత హింస అనుభవించాకే గిన్నెలో పడతాయి. చేపని బండకేసి కొడతాం, పొలుసు గీరుతాం, మొప్పలు పీకుతాం, పేగులు లాగి కోళ్ళకి వేస్తాం. పీత సంగతి చెప్పను, అన్నం తింటూ ఇది చదివేవాళ్ళు కూడా ఉండవచ్చు. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చారు. వాళ్ళతోపాటు వచ్చిన వంటింటి పద్ధతులు ఈనాటికీ మారలేదు. ఈమధ్య పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా మారింది కానీ మా అమ్మ చేప కోసే తీరు మారలేదు. కత్తిపీట ముందు కూర్చున్న అమ్మని చూస్తే, నేను డిగ్రీ దాకా చదివి ఆఫీసులో కుర్చీ సంపాదించుకోవడానికి అసలు కారణం భయమేమో అనిపిస్తుంది.

పుట్టగొడుగులకి మినహాయింపు ఇప్పించింది మా అక్క.

"మెల్లిగా పట్టుకోరా. దెబ్బ తగిలితే నల్లబడతాయి" అనేది.

అప్పటికి అక్క ఎడమ దవడ మీదున్న రంగు కూడా ఇంచుమించు అదే.

అక్కని జంగ్లీఘాట్ లో ఇచ్చాం. బావకి సొంత డింగీ, అంటే చిన్న ఇంజన్ పడవ, ఉంది. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలడు. నలుగురిలో నవ్వుతూ మాట్లాడతాడు. ఆయన మనసు మంచిదని అందరూ అనేవారు. ఆయన చేతుల గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. సముద్రం బాగున్నన్నాళ్ళూ ఆ చేతులకి వలలు, తాళ్ళు, డీజిల్ డబ్బాలతో తీరిక ఉండేది కాదు. వానాకాలం గాలులకి డింగీలు ఒడ్డున బోర్లా పడుకున్నప్పుడే ఆ చేతులకి తోచేది కాదు. పెళ్ళయ్యాక కొన్ని వానాకాలాలు గడిచేసరికి అక్క ఎడమ చెవి పూర్తి విశ్రాంతిలోకి వెళ్ళిపోయింది. డాక్టరుగారు లైటు వేసి చూసి లోపల పొర చిరిగిందన్నారు. ఎలా చిరిగిందని అడిగితే బావే ముందుకొచ్చి, "గాలి సర్, సముద్రం గాలి" అన్నాడు.

ఆ గాలి మళ్ళీ వీచకముందే అక్క ఒక సంచీ పట్టుకుని, గోల్ ఘర్ వెనక వాలులో ఉన్న మా రేకుల ఇంటికి వచ్చేసింది. ఇంట్లో అమ్మ, నేను. నాన్న లేరు.

మా వాళ్ళలో మొగుడూ పెళ్ళాల తగువు పోలీసుల దాకా పోదు. పెద్దలు వస్తారు. ముగ్గురు ముసలివాళ్ళు, ముగ్గురూ ఇంకా సముద్రం మీదికి వెళ్తున్నవాళ్ళే, మా వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన్ని ఊరంతా పెద్దయ్య అంటారు. ఆయన అక్కని చూడకుండా, రేకుల మీంచి కారుతున్న వానని చూస్తూ మాట్లాడాడు.

"సూడమ్మా. ఆడది పుట్టింట్లో ఊరికినే కూకుంటే తమ్ముడి మెడకి రాయి. వానలెల్లీదాక గడువిస్తన్నాం. నీ కూడు నువ్వు పుట్టించుకున్నావా, ఇక్కడే ఉండు. లేదా, మొగుడింటికి ఎల్లు. మాటంటే మాటే."

తమ్ముడి మెడ అంటే నాదే. నా మెడ బాగానే ఉందని చెప్పబోయాను. అమ్మ నా కాలు తొక్కింది.

అలా, ఆ వానాకాలం చివర తేలాల్సింది ఒకే ఒక్క విషయంగా మిగిలింది. అక్క కుడి చెవి ఎవరి అధీనంలో ఉంటుందనేది.

సిప్పీఘాట్ లో వ్యవసాయం నేర్పే చోట ఆడవాళ్ళకి పుట్టగొడుగుల పెంపకం చూపిస్తున్నారని అక్కకి తెలిసింది. బస్సెక్కి వెళ్ళి నేర్చుకుని వచ్చింది. పద్ధతి చెప్పడానికి సులువే. ఎండుగడ్డి ముక్కలు చేసి, ఉడకబెట్టి, నీరు వార్చి, పొడవాటి ప్లాస్టిక్ సంచుల్లో పొర గడ్డి, పొర విత్తనం చొప్పున కూరి, మూతి బిగించి, సంచీకి అక్కడక్కడా చిల్లులు పొడిచి, చీకటిగా తేమగా ఉండేచోట తాళ్ళతో వేలాడదీయాలి. మా పెరట్లో నాన్న వలలు దాచుకున్న చిన్న షెడ్డు ఉంది. అక్కడే వేలాడదీసింది.

అమ్మ గుమ్మంలోంచి లోపలికి చూసి, "ఇంట్లో ఇన్ని ఉరులేటే" అంది.

కొన్నాళ్ళకి సంచుల చిల్లుల్లోంచి తెల్లటి చెవులు మొలిచాయి. నిజంగా చెవుల్లాగే ఉంటాయి ఆ రకం పుట్టగొడుగులు, గుత్తులు గుత్తులుగా, పల్చగా, అంచులు కాస్త వంపు తిరిగి. ఆ పోలిక నాకు తోచినప్పుడు అక్క పక్కనే ఉంది. పైకి అనలేదు. జోకులేసే అలవాటున్నవాడికి నోరు మూసుకోవడం కూడా ఒక విద్యే, ఆలస్యంగా వస్తుంది.

మొదటి కోత అమ్మ చేతిలో పడింది. అక్క బజారుకి వెళ్ళింది. అమ్మకి పుట్టగొడుగు గురించి తెలిసింది ఒకటే, దానికి ఏదో వాసన ఉంది. వాసన ఉన్నదాన్ని ఏం చెయ్యాలో ఆవిడకి బాగా తెలుసు. బండ మీద పరిచి, రాళ్ళుప్పు జల్లి, చింతపండు గుజ్జు పట్టించి, అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది, సొరచేపని రుద్దినట్టు. రుద్ది కడిగింది. మళ్ళీ రుద్ది మళ్ళీ కడిగింది. నీచు వాసన పోయేదాకా కడగాలని ఆవిడ పట్టుదల. పుట్టగొడుగులు ఎంత నీళ్ళు తాగగలవో అంత తాగి, ఉప్పు తగలగానే అదంతా కక్కేసి, చివరికి గిన్నెలో మసిగుడ్డ పీలికల్లా పడున్నాయి. అక్క వచ్చి చూసింది.

"ఇవేటమ్మా?"

"నీ పుట్టగొడుగులే. ఏదీ, వాసన సూడు. ఉందా?"

"లేదు. ఇంకేమీ కూడా లేదు."

"మరదే. శుభ్రం అంటే అదే" అంది అమ్మ.

అక్క వాటిని పారెయ్యలేదు. గట్టిగా పిండి, శనగపిండిలో కలిపి, ఉల్లిపాయ వేసి వడల్లా కాల్చింది. ఉప్పగా ఉన్నాయి కానీ తిన్నాం. పిండిన నీళ్ళు పప్పులో పోసింది. ఆ రోజు అమ్మ అక్కని కొత్తగా చూసింది. ఎందుకంటే మా అమ్మకి లోకంలో పెద్ద నేరం ఒకటే, తిండి పారెయ్యడం. చిన్నప్పుడు కంచంలో చేప తలకాయ వదిలేసినందుకు అదే తలకాయతో నన్ను మొహం మీద కొట్టింది. తర్వాత దాన్ని కడిగి పులుసులో వేసింది. మా ఇంట్లో ఆయుధాలు కూడా వృథా కావు.

అప్పట్నుంచి ఇద్దరూ పోటీ పడ్డారు. అక్క నేర్పింది ఇదీ. పుట్టగొడుగుని కడగకూడదు. పొడిగుడ్డతో తుడవాలి. మొదట్లో గడ్డి అంటుకున్న గట్టి భాగాన్ని మాత్రం కత్తితో పల్చగా చెక్కాలి. గొడుగుని కత్తితో కొయ్యకూడదు, కింద ఉన్న గీతల వెంబడి చేత్తో చీల్చాలి, తనంతట తానే విడిపోతుంది. నూనె లేని మూకుడులో ముందు వేడి చేస్తే నీళ్ళు వదులుతుంది, ఆ నీళ్ళు ఇగిరాకే నూనె. చెక్కగా వచ్చిన ముక్కల్లో శుభ్రమైనవి ఉడకబెడితే చారుకి నీళ్ళు. గట్టి కాడలు పచ్చిమిరపకాయలతో దంచితే పచ్చడి. మరీ చిన్నవి వల మీద ఎండబెట్టి పొడి. మట్టంటిన చెక్కులు ఒక సిల్వరు బేసిన్ లో పడేవి, సాయంత్రం అవి పెరట్లో అరటి మొదట్లోకి. సంచులు కాపు ఆపేశాక ఆ గడ్డి కూడా అక్కడికే. బేసిన్ లో ఏం వెయ్యాలో ఏం వెయ్యకూడదో అమ్మ కాపలా కాసేది. కుళ్ళేది లోపలికి, కుళ్ళనిది బయటికి. నేనొకసారి బిస్కెట్ కాయితం వేశాను. దాని గురించి ఎక్కువ రాయను. జబ్బ మీద మచ్చ ఇంకా ఉంది.

ఇద్దరూ కలిసి మా ఇంటి చెత్తబుట్టని ఆకలికి మాడ్చి చంపారు. చెత్త బండి కుర్రాడు వచ్చి, మూత తీసి చూసి, "దీదీ, ఇస్ ఘర్ మే కోయీ ఖాతా నహీ క్యా?" అని అడిగాడు. ఇంట్లో ఎవరూ తినరా అని అతని అనుమానం.

తినేవాళ్ళం, అమ్మేవాళ్ళం కూడా. ముందు చుట్టుపక్కలవాళ్ళు, తర్వాత టూరిస్టులు వచ్చే హోటల్ ఒకటి, ఆ తర్వాత నా ఆఫీసులో సగం మంది కొన్నారు. వానలు తగ్గుముఖం పట్టేసరికి అక్క కొత్త చీర కట్టుకుని, తన డబ్బుతో కొన్న బియ్యం మూట ఆటోలోంచి దింపించింది. అమ్మ మూటని ఒక తన్ను తన్ని, బరువు సరిపోయిందని లోపలికి లాక్కుపోయింది. అది మా ఇంట్లో అభినందన.

పెద్దలు ఒక శనివారం సాయంత్రం వస్తామని కబురు పెట్టారు. షెడ్డు చూసి మాట చెప్తామన్నారు. షెడ్డు ఆ వారం ఎప్పుడూ లేనంత విరగకాసి ఉంది. తాడు తాడుకీ తెల్లటి చెవులు.

ఆ కబురు బావకీ అందింది.

శనివారం నేను ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి పెరట్లోంచి చప్పుడు, ఎవరో పెద్ద గుడ్డని బర్రున చించుతున్నట్టు. ఒకసారి కాదు, వరసగా. వెళ్ళి చూస్తే షెడ్డులో బావ. చేతిలో అమ్మ చేపల కత్తి. సంచీ పట్టుకుని పైనుంచి కిందికి ఒక్క గీత, గడ్డి పేగుల్లా కిందికి జారేది. కింద పడిన గుత్తుల్ని చెప్పుకాలి మడమతో నొక్కేవాడు. పని శ్రద్ధగా చేస్తున్నాడు.

"క్యా బామ్మర్దీ, ఆఫీస్ ఛుట్టీయా?" అన్నాడు, తల తిప్పకుండా. "బేగొచ్చీసినావు. కూకో. ఐదు మినిట్లు."

"బావా, ఆ కత్తి అమ్మది. గడ్డి కోస్తే పదును పోతుంది" అన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే బరువైన మాటేదైనా అని ఉండాల్సింది. బావ కత్తి కింద పెట్టి, నా మాటకి ఒకటి, నేను అనబోయిన దానికి ఇంకొకటి ఇచ్చాడు. పై పన్ను ఒకటి నా అభిప్రాయాలతో విభేదించి బయటికి వచ్చేసింది. నేను వలల గుట్ట మీద కూర్చున్నాను. ఆయన కూర్చోమనే కదా అన్నాడు.

అక్క షెడ్డు మూలలో ఉంది. అక్కడ మిగిలిన ఒక్క సంచీనీ తాడుతో సహా తెంపి ఎడమ చేత్తో కావలించుకుని నిలబడింది. అరవడం లేదు. బావ దగ్గరికి వెళ్ళి, "ఇదేగా నీ ధీమా. దీన్ని సూసుకునేగా" అన్నాడు మెల్లిగా, చెవిలో చెప్తున్నట్టు. వినపడని చెవిలో. తర్వాత జుట్టు పట్టుకుని స్తంభానికేసి కొట్టాడు. అక్క కుడి అరచేత్తో కుడి చెవి మూసుకుంది. సంచీ వదల్లేదు, చెవి మీంచి చెయ్యి తియ్యలేదు. తల మీద పడాల్సిన దెబ్బలన్నీ ఆ చేతి వేళ్ళ మీద పడ్డాయి. వేళ్ళు విరుగుతాయేమో అనుకున్నాను. లేచాను. మళ్ళీ కూర్చోబెట్టబడ్డాను.

అప్పుడు అమ్మ వచ్చింది. వంటింటి చూరులో వేలాడుతున్న ఎండు సొరచేప ముక్కని చేత్తో పట్టుకుని వచ్చింది. మూరెడు పొడవు, చెక్కలా గట్టిది.

"అల్లుడుగారూ" అని మర్యాదగా పిలిచింది.

ఆయన ఇటు తిరగ్గానే నుదుటి మీద కొట్టింది. అల్లుణ్ణి వెనకనుంచి కొట్టడం పద్ధతి కాదని ఆవిడ ఉద్దేశం అయ్యుంటుంది. రెండోసారి కొట్టినప్పుడు సొర చివర విరిగింది. బావ నుదుటి తోలు చీరుకుని నెత్తురు కనుబొమ మీదికి దిగింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, వెళ్తూ వెళ్తూ అక్క చంకలోని సంచీని లాక్కుని, దాన్ని కూడా నేలకేసి కొట్టి, రెండు కాళ్ళతో ఎక్కి తొక్కాడు.

"సాయంత్రం పెద్దోళ్ళొస్తారు కదా. సూపించు, ఏం సూపిస్తావో" అని వెళ్ళిపోయాడు.

షెడ్డులో తాళ్ళు మాత్రం ఊగుతున్నాయి. నేలంతా గడ్డి, బురద, తొక్కిన పుట్టగొడుగులు. అమ్మ విరిగిన సొర ముక్క వెతికి తీసి, ఊది, కొంగులో వేసుకుంది. తర్వాతెప్పుడో దాన్ని వంకాయతో వండుకున్నాం. బాగానే ఉంది.

అక్క నేల మీద కూర్చుని ఒక గుత్తిని ఎత్తి చూసింది. సగం నలిగింది, సగం బాగుంది.

"దెబ్బ తిన్నది రేపటికి ఆగదు. ఏరండి" అంది.

అమ్మ అలవాటు చొప్పున ఉప్పు డబ్బా, నీళ్ళ బకెట్టు తెచ్చింది.

"నీళ్ళు తగలనీకమ్మా."

"ఒలే, బురద."

"బురద పైనే ఉంది. చెక్కేద్దాం. నీళ్ళు పోస్తే లోపలికెళ్తుంది."

నా పాత బనీన్లన్నీ చింపి గుడ్డలు చేసింది అమ్మ. ఆ బనీన్లలో ఒకటి నా ఒంటి మీదే ఉంది. ముగ్గురం కూర్చుని ఒక్కొక్కటే ఎత్తి, తుడిచి, బురద పట్టిన వైపు పల్చగా చెక్కి, బాగున్నది గిన్నెలోకి, చెక్కు బేసిన్ లోకి. పూర్తిగా నలిగినవీ బేసిన్ లోకే. నా నోట్లోంచి ఇంకా నెత్తురు కారుతోంది.

"అటు తిరిగి ఏరు. వాటి మీద పడనీకు" అంది అక్క.

అటు తిరిగి ఏరాను. ఈ దేశంలో పన్నూడినవాడికి ఇంతకంటే ఓదార్పు దొరికిన ఇళ్ళు ఉండవచ్చు. అక్క కుడిచేతి వేళ్ళు వాచి అరటికాయల్లా అయ్యాయి. ఆ వేళ్ళతోనే గీతల వెంబడి చీల్చింది. వేళ్ళు సరిగ్గా వంగకపోవడం వల్ల ఇంకా సన్నగా వచ్చాయి ముక్కలు. మూకుడు కాలాక అన్నీ ఒకేసారి గుమ్మరించింది. అవి నీళ్ళు వదిలి, చిటపటలాడి, ఇగిరి, రంగు తిరిగాయి. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, దంచిన మిరియాలు, చివర్లో కొబ్బరి. పక్క పొయ్యి మీద అన్నం.

పెద్దలు పడవలు దిగి నేరుగా వచ్చారు. వాళ్ళ వెనకే బావ, ఉతికిన చొక్కా వేసుకుని, నుదుటికి పట్టీ అంటించుకుని. గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విడిచారు. పెద్దయ్య బావ పక్కనుంచి వెళ్తూ ఆగాడు.

"నుదురు కాడ ఏటైందిరా?"

"స్కూటర్ మీంచి పడ్డాను పెద్దయ్యా."

"సొర వాసనొస్తంది" అన్నాడు పెద్దయ్య, అంతే అని షెడ్డు వైపు నడిచాడు.

షెడ్డులో చూపించడానికి తాళ్ళున్నాయి.

"ఇదేనేటమ్మా నీ తోట?"

"మధ్యాహ్నం దాకా ఉంది పెద్దయ్యా" అంది అక్క.

అమ్మ జరిగింది చెప్పింది, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా. బావ బాధగా తలూపాడు. "అత్త పెద్దది. కోపంలో అంటది. నాను పలకరిద్దామని ఒచ్చేసరికే మేకలు పడి తినేస్తన్నాయి. నానే తోలినాను. బామ్మర్ది కూడా మేకల్ని తోలబోయి జారిపడ్డాడు పాపం."

గోడకి అవతల మేకలు పెంచే పక్కింటి దీదీ ఇదంతా వింటోంది. "మేరీ బక్రియా సుబహ్ సే బంధీ హై" అంది అక్కణ్ణుంచే. పొద్దుట్నుంచి కట్టేసే ఉన్నాయని. "బేచారీ కా నామ్ మత్ లో." నోరులేని వాటి పేరెత్తొద్దట.

"ఒకటో రెండో తెంపుకుంటాయి దీదీ, నీకు తెల్దు" అన్నాడు బావ, నవ్వుతూ.

పెద్దయ్య బెంచీ మీద కూర్చుని గడ్డం గోక్కున్నాడు. "ఇంటోళ్ళ మాట సాచ్చిం కాదు. అది మన కట్టుబాటు."

నేను పెదవి ఎత్తి ఖాళీ చూపించాను.

"ఇంటోడి పన్ను కూడా ఇంటోళ్ళదే" అన్నాడాయన. అన్యాయం కాదు, ఆ పన్ను నిజంగానే మాది.

అమ్మ టీ తెచ్చింది. మా కట్టుబాటులో ఇంకొకటుంది. తగువు తీర్చడానికి వచ్చిన పెద్దలు తీర్పు చెప్పేదాకా ఆ ఇంట్లో నీచు ముట్టకూడదు. ఒక ఇంటి చేప తింటే ఆ ఇంటి మాట తిన్నట్టే లెక్క. అందుకని ఎంత ఆకలేసినా టీలతో సరిపెడతారు. మా పంచాయితీలు త్వరగా తేలడానికి న్యాయం కంటే ఆకలే ఎక్కువ సాయం చేస్తుంది. ఆ రోజు ముగ్గురూ తెల్లారకుండా సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు. వంటింట్లోంచి మిరియాలు, కొబ్బరి కలిసిన వాసన వరండాలోకి నడిచి వచ్చింది. ముగ్గురి ముక్కులూ ఒకేసారి అటు తిరిగాయి.

"ఏటమ్మా ఆ కూర? నీచేనా?" అన్నాడు పెద్దయ్య.

అక్క నోరు విప్పేలోగా బావ పకపకా నవ్వాడు.

"నీచా? గడ్డి మీద మొలిసిన బూజు పెద్దయ్యా. దాన్నే కూడంటది ఇది. అది తింటే తిన్నట్టు లెక్క కాదు. మీరు నిశ్చింతగా తినండి. ఏటి పుట్టించిందో తెలుస్తది."

తినండని ఆయనే అన్నాడు. అన్నం వడ్డించేశాం.

ముగ్గురూ మొదట వేలితో ముక్కని కదిపి చూశారు. తర్వాత మాటలు ఆగిపోయాయి. రెండోసారి వడ్డించాం. అన్నం గిన్నె అడుగు గీకిన చప్పుడైంది. పెద్దయ్య కంచం తుడిచి, వేళ్ళు నాక్కుని, అమ్మ వైపు చూశాడు.

"ఇంత సన్నగా ఎవరు కోసినారమ్మా?"

"కోత అల్లుడుగారిదే" అంది అమ్మ.

బావ కిందికి చూశాడు. పెద్దయ్య చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి పక్కనే సిల్వరు బేసిన్ ఉంది, మట్టంటిన చెక్కులతో, నలిగినవాటితో నిండుగా. ఆయన కూడా మా అమ్మ లాంటివాడే, కంచంలో మిగిలిన కరివేపాకు రెబ్బ ఎక్కడ వెయ్యాలా అని చూసినట్టున్నాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆయన అరచేతిలో పెద్ద పుట్టగొడుగు ఒకటుంది, రొట్టెలా చదునుగా అణిగిపోయి.

బల్బు కింద నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తెల్లటి తోలు మీద బురదతో అచ్చు వేసినట్టు గీతలు, గీతల మధ్య గుండ్రటి మచ్చ ఒకటి. గుమ్మం దగ్గరికి నడిచి, చెప్పుల వరసలో వంగి, ఒక చెప్పు తీసి బోర్లా తిప్పాడు. పుట్టగొడుగుని దాని పక్కన పెట్టాడు.

"మేకలు సెప్పులేసుకుంటాయేట్రా?" అన్నాడు.

బావ నుదుటి పట్టీ సర్దుకున్నాడు.

"అందరి సెప్పులూ అలాగే ఉంటాయి పెద్దయ్యా. బజార్లో దొరికేవే."

"తెగిన పట్టీకి ఇంజన్ మేకు కొట్టుకున్నావే. ఇదిగో, దీని గుర్తు కూడా పడింది. ఇదీ బజార్లోదేనేటి?"

పెద్దయ్య జవాబు కోసం ఆగలేదు. చేతిలో ఉన్న చెప్పుతోనే మొహం మీద కొట్టాడు. ఆ వయసులో ఆ చెయ్యి అంత వేగంగా కదులుతుందని నేను అనుకోలేదు. అదే చెప్పుతో ఇంకా కొట్టాడు, మిగతా ఇద్దరూ లేచి పట్టుకునేదాకా. వాళ్ళు లేవడానికి తొందరపడలేదు, భుక్తాయాసం. బావ నుదుటి పట్టీ ఊడి, సొర తెరిచిన చోట మళ్ళీ తెరుచుకుంది. నాకు పన్ను నొప్పి కొంచెం తగ్గింది. వైద్యపరంగా దీనికి ఆధారం లేదు.

పెద్దయ్య ఒగరుస్తూ బెంచీ మీద కూర్చున్నాడు. చెప్పు ఒక చేతిలో, పుట్టగొడుగు ఇంకో చేతిలో.

"కూడు పుట్టించమన్నాం. పుట్టించింది. నువ్వు తొక్కీసినా పుట్టించింది. ఆపైన మేం తినీసినాం. ఇంక ఈ ఇంటి మాటే మా మాట. పిల్ల ఇక్కడే ఉంటది. నువ్వు ఈ గుమ్మం ఎక్కినావంటే నీ డింగీ నీట్లో ఉండదు."

"నాయం కాదు పెద్దయ్యా" అన్నాడు బావ, ముక్కు తుడుచుకుంటూ. "అది నీచు కాదు. తిన్నట్టు లెక్క కాదు."

"నమిల్నోణ్ణి నాను. నీచో కాదో నాకు తెల్దా. నువ్వెల్లు."

బావ ఒక కాలికి చెప్పుతో వెళ్ళిపోయాడు. రెండోది అడగడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అక్క ముందుకొచ్చింది. కుడి చెవి మీంచి జుట్టు వెనక్కి తోసుకుని, వాచిన చెయ్యి చాపింది.

"అదిలా ఇవ్వండి పెద్దయ్యా."

పెద్దయ్య ఆమె వైపు చూసి, సాక్ష్యం దాచుకుంటుందనుకున్నాడేమో, రెండూ ఇవ్వబోయాడు. అక్క పుట్టగొడుగు ఒక్కటే తీసుకుంది. దాన్ని ఒకసారి చూసి, పెరట్లోకి వెళ్ళి బేసిన్ లో పడేసి, బేసిన్ ఎత్తుకుంది. అరటి మొదట్లో వెయ్యాలి, పూర్తిగా చీకటి పడకముందే.

పెద్దయ్య చేతిలో చెప్పు మిగిలిపోయింది. ఆయన కూడా లేచి, బేసిన్ వైపు రెండడుగులు వేశాడు.

అమ్మ అడ్డం వచ్చింది.

"సెప్పు ఒద్దు" అంది. "అది కుళ్ళదు."